పాపభారం ఎవరు మోయాలి?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం "క్రైస్తవుల కఫ్ఫారా విశ్వాసం, దైవన్యాయం". విషయం బరువైనదే గాని మనకు దూరమైనది కాదు. మన ఇంటి పక్కన క్రైస్తవ కుటుంబాలున్నాయి. మన పిల్లలు చాలామంది మిషన్ బడుల్లో చదువుతున్నారు. గుడ్ ఫ్రైడే వచ్చిందంటే పిల్లవాడు ఇంటికొచ్చి, "అబ్బా, ఈసా అలైహిస్సలాం మన పాపాల కోసం ప్రాణం ఇచ్చారట, నిజమేనా?" అని అడుగుతాడు. మనం ఏం చేస్తాం? "అదంతా తప్పురా, పోయి చదువుకో" అంటాం. వాడికి జవాబు దొరకదు. ఎదుటివారు ఏం నమ్ముతున్నారో మనకూ సరిగా తెలియదు. తెలియని దానికి జవాబు ఎలా చెప్పగలం?

కాబట్టి ముందుగా వారి మాట వారు చెప్పుకునే తీరులోనే విందాం. ఆ తరువాత మన మాట చెప్పుకుందాం. చివరకు, మనం చెప్పే ఆ మాట మన మీద ఏ బాధ్యత పెడుతోందో చూద్దాం. ఆ మూడోది అసలు సంగతి.

క్రైస్తవుల విశ్వాసం క్లుప్తంగా ఇది. మొదటి మానవుడు ఆదాము దేవుని ఆజ్ఞ మీరాడు. దానితో మానవజాతి యావత్తూ పాపంలో పడింది. దేవుడు ప్రేమగలవాడు, అలాగే న్యాయవంతుడు. న్యాయవంతుడు కాబట్టి పాపాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యడు. ప్రేమగలవాడు కాబట్టి మనిషిని నాశనానికీ వదిలెయ్యడు. అందుకని పాపం లేని యేసు క్రీస్తు సిలువ మీద మరణించి మనుషుల పాపానికి ప్రాయశ్చిత్తం చేశాడు. ఆయనను నమ్మినవారికి ఆ క్షమాపణ లభిస్తుంది. తెలుగు బైబిలులో దీనికి ప్రాయశ్చిత్తము అనీ, విమోచన క్రయధనము అనీ మాటలు వాడారు. ఉర్దూలో కఫ్ఫారా, ఫిద్యా అంటారు.

ఈ కఫ్ఫారా అనే మాట మనకు కొత్తది కాదు. ప్రమాణం చేసి తప్పినవాడు పదిమంది పేదలకు అన్నం పెట్టడమో, బట్టలివ్వడమో, బానిసను విడిపించడమో చెయ్యాలి, అవి కుదరకపోతే మూడు రోజాలుండాలి అని సూరె మాయిదాలో చెప్పిన దానికీ కఫ్ఫారా అనే పేరు. యూదుల యోమ్ కిప్పూర్ పండుగ పేరులో ఉన్నదీ దీనికి చుట్టమైన మాటే. అరబ్బీ, హీబ్రూ అక్కచెల్లెళ్ళ వంటి భాషలు. తౌరాతుగా వారు చదివే గ్రంథాలలో లేవీయకాండం 16వ అధ్యాయంలో ఆ రోజు ఆచారం ఉంది. రెండు మేకలను తెస్తారు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తలమీద యాజకుడు రెండు చేతులూ పెట్టి జనం పాపాలన్నీ ఒప్పుకొని, దాన్ని అడవిలోకి తోలించేస్తాడు. క్రైస్తవులు ఈ బలులన్నీ రాబోయే సిలువకు ముందస్తు గుర్తులని చెబుతారు.

ఇక్కడ మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సిలువ మనిషిని రక్షించిందని క్రైస్తవులందరూ నమ్ముతారు. అయితే ఎలా రక్షించింది అనే ప్రశ్నకు వారి పండితులందరూ ఒకే జవాబు చెప్పలేదు. మొదటి శతాబ్దాల వారిలో కొందరు, మనిషి సైతాను చెరలో పడ్డాడు, అతణ్ణి విడిపించడానికి ఇచ్చిన వెల క్రీస్తు ప్రాణం అన్నారు. ఓరిజెన్, నిస్సా నగరపు గ్రెగరీ ఈ దారిన పోయారు. అయితే నాలుగో శతాబ్దంలోనే నాజియాంజస్ గ్రెగరీ అనే మరో పెద్దాయన దీనికి అభ్యంతరం చెప్పాడు. దొంగకు దేవుడు వెల చెల్లించడమేమిటన్నది ఆయన ప్రశ్న. అంటే మనం అడగబోయే ప్రశ్నలు కొన్ని వారి ఇంట్లోనే పదహారు వందల యేళ్ళ క్రితం పుట్టాయన్నమాట.

తరువాత వచ్చినవాడు ఆన్సెల్మ్. ఇటలీలో పుట్టి, ఇంగ్లాండులో కాంటర్బరీకి ఆర్చిబిషప్పు అయినవాడు. దేవుడు మనిషి ఎందుకయ్యాడు అనే ప్రశ్నమీద 1098లో ఒక గ్రంథం పూర్తిచేశాడు. ఆయన వాదం లెక్కల మాస్టరు లెక్క చేసినట్టు ఉంటుంది. పాపమంటే దేవునికి చెల్లించవలసిన గౌరవం చెల్లించకపోవడం. అది బాకీ. మనిషి ఇప్పుడు యెంత మంచిగా ఉన్నా అది ఇవాళ్టి బాధ్యతకే సరిపోతుంది, పాత బాకీకి మిగిలేదేమీ లేదు. పైగా అవమానం జరిగింది అనంతుడైన దేవునికి కాబట్టి బాకీ కూడా అనంతమే. చెల్లించవలసినవాడు మనిషి, చెల్లించగలిగినవాడు దేవుడు ఒక్కడే. కాబట్టి ఒకే వ్యక్తిలో దేవుడూ మనిషీ రెండూ అయినవాడు రావాలి. ఏమీ తీసుకోకుండా ఊరికే క్షమించడం దేవుని న్యాయానికి తగదు. ఇదీ ఆయన లెక్క.

సోదరులారా, సరిగ్గా ఆ యేళ్ళలోనే మన దగ్గర ఏం జరుగుతోందో చూడండి. ఇమాం గజాలీ 1095లో బాగ్దాదులోని పెద్ద ఉద్యోగం వదిలి దేశాటనకు బయలుదేరారు. ఆ తరువాతి కాలంలోనే "ఇహ్యా ఉలూముద్దీన్" రాశారు. ఆన్సెల్మ్ 1109లో పోయాడు, గజాలీ 1111లో వఫాత్ అయ్యారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ నడుమ 1099లో బైతుల్ ముఖద్దస్‌లో రక్తం పారింది. రెండు మతాలవారూ కత్తులతో కలుసుకున్నారు గాని, ఈ ఇద్దరు ఆలింలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే భాగ్యం కలగలేదు.

గజాలీ ముందున్న ప్రశ్న కూడా అదే. పాపం చేసిన మనిషి అల్లాహ్ ముందు ఎలా నిలబడాలి? ఇహ్యా నాలుగో భాగం తౌబా ప్రకరణంతోనే మొదలవుతుంది. తౌబాలో మూడు ఉన్నాయంటారు ఆయన. ఒకటి తెలుసుకోవడం, పాపం విషమని గుర్తించడం. రెండోది దానివల్ల గుండెలో కలిగే బాధ. మూడోది ఆచరణ, అంటే పాపం మానెయ్యడం, మళ్ళీ చెయ్యనని నిశ్చయించుకోవడం, జరిగిన నష్టం సరిదిద్దడం. ఇక్కడ ఆయన పాపాన్ని రెండుగా విడదీస్తారు. అల్లాహ్‌కూ దాసునికీ మధ్య ఉన్నవి కొన్ని. దాసునికీ దాసునికీ మధ్య ఉన్నవి కొన్ని. మొదటి రకం విషయంలో క్షమాపణ ఆశ చాలా విశాలం. రెండో రకం మాత్రం కష్టం. ఎవరి సొమ్ము తిన్నామో వారికి తిరిగి ఇవ్వాలి, ఎవరి పరువు తీశామో వారితో మాఫీ చేయించుకోవాలి.

తేడా ఎక్కడుందో గమనించండి. ఆన్సెల్మ్ లెక్కలో తీర్చలేని బాకీ దేవునికి పడ్డది. మన లెక్కలో తీర్చకుండా తప్పించుకోలేని బాకీ మనుషులకు పడ్డది. నేను ఈ పూట చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఇప్పుడు న్యాయం సంగతికి వద్దాం. బాకీ వేరు, శిక్ష వేరు. తరగతిలో ఒక కుర్రవాడు కిటికీ అద్దం పగలగొట్టాడనుకోండి. వాడి దగ్గర డబ్బుల్లేవు. పక్కవాడి తండ్రి దయతలచి అద్దం ఖరీదు ఇచ్చాడు. బడికి ఇబ్బంది లేదు, అద్దం వచ్చింది, మంచి పని జరిగింది. అదే మాస్టరు బెత్తం తీసి, పగలగొట్టినవాణ్ణి వదిలేసి, చేతులు చాచి ముందుకొచ్చిన మంచి కుర్రవాణ్ణి కొట్టాడనుకోండి. ఆ కుర్రవాడు ఇష్టపడే వచ్చాడు, కాదనను. వాడి మనసు గొప్పదే. కాని మాస్టరు చేసింది న్యాయమని తరగతిలో ఒక్కరైనా అంటారా?

ఆన్సెల్మ్ బాకీ గురించే మాట్లాడాడు. పదహారో శతాబ్దంలో న్యాయశాస్త్రం చదువుకున్న కాల్విన్ లాంటివారు దాన్ని శిక్షగా చెప్పారు. మనకు పడవలసిన శిక్షే క్రీస్తు మీద పడిందన్నారు. మనం అడిగే ప్రశ్నను వారిలోనే ఫౌస్టస్ సొసీనస్ అనే ఇటలీ దేశస్థుడు 1594లో అచ్చయిన పుస్తకంలో అడిగాడు. డబ్బు బాకీ ఒకరిది ఇంకొకరు తీర్చవచ్చు, శిక్ష మాత్రం చేతులు మారదు అన్నాడు. అంతకు చాలా ముందే, పన్నెండో శతాబ్దంలో పీటర్ అబెలార్డ్ అనే ఫ్రెంచి పండితుడు, నిర్దోషి రక్తాన్ని వెలగా కోరడం క్రూరం కాదా అని ప్రశ్నించి, సిలువ పని మన గుండెలో దైవప్రేమను రగిలించడమే అని చెప్పాడు.

న్యాయంగా మాట్లాడాలంటే దీనికి వారిచ్చే గట్టి జవాబు కూడా చెప్పాలి. "మీరనుకున్నట్టు దేవుడు మూడో మనిషినెవరినో పట్టి శిక్షించలేదు. దేవుడే స్వయంగా ఆ భారం తనమీద వేసుకున్నాడు. తప్పు చేసినవాణ్ణి క్షమించిన ప్రతివాడూ ఆ నష్టాన్ని తానే భరిస్తాడు గదా" అంటారు. జాన్ స్టాట్ అనే ఇంగ్లీషు మతగురువు 1986లో సిలువమీద రాసిన గ్రంథానికి ఇదే కీలకం. మనసును తాకే మాట ఇది. మన జవాబు ఏమిటంటే, నష్టం కలిగితే గదా భరించడం! అల్లాహ్ సమదు, ఎవరి అవసరమూ లేనివాడు. లోకమంతా ఏకమై పాపం చేసినా ఆయన ఖజానాలో వీసమెత్తు తగ్గదు, లోకమంతా క్షమాపణ పొందినా తగ్గదు. క్షమించడానికి ఆయన ఎవరికీ వెల కట్టనక్కరలేదు, తనకు తానూ కట్టుకోనక్కరలేదు. దేవుడు మనిషిగా వచ్చాడనే మాట దగ్గరే మన దారి వేరు. సిలువ సంఘటన విషయంలోనూ సూరె నిసా 157వ ఆయతు ప్రకారం మన విశ్వాసం వేరు. ఈ తేడాలు దాచిపెట్టి స్నేహం చెయ్యనక్కరలేదు. స్నేహం చెడగొట్టుకుని తేడాలు చెప్పనూ అక్కరలేదు.

ఖుర్ఆన్ షరీఫు ఈ విషయంలో చెప్పేది చాలా సూటిగా ఉంది. బరువు మోసే ఏ ప్రాణీ ఇంకొకరి బరువు మోయదు అనే భావం అయిదు సూరెల్లో వస్తుంది. అనామ్, బనీ ఇస్రాయీల్, ఫాతిర్, జుమర్, నజ్మ్ సూరెలవి. ఆదం అలైహిస్సలాం పొరపాటు చేశారు, పశ్చాత్తాపపడ్డారు, ఆ దుఆ మాటలు సైతం అల్లాహే నేర్పి, తౌబా స్వీకరించాడు. ఆ కేసు అక్కడితో కొట్టివేయబడింది. కొట్టేసిన కేసులో వారసులకు నోటీసులు రావు. పుట్టే ప్రతి బిడ్డా తెల్ల కాగితంతోనే పుడతాడు. ఇక ఖుర్బానీ విషయంలో, మాంసమూ రక్తమూ అల్లాహ్‌ను చేరవు, చేరేది మీ తఖ్వాయే అని సూరె హజ్ స్పష్టం చేసింది.

ఇటువంటి మాటలు వారి గ్రంథాలలోనూ ఉన్నాయి. యెహెజ్కేలు 18వ అధ్యాయమంతా తండ్రి దోషం కొడుకు మోయడు, చేసినవాడే అనుభవిస్తాడు, మానుకుంటే బ్రతుకుతాడు అనే సంగతే. లూకా 15లో ఇల్లు వదిలి ఆస్తి తగలేసి వచ్చిన కొడుకును తండ్రి ఏ వెలా అడగకుండా పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకుంటాడు. వాటిని వారు తమ పద్ధతిలో అర్థం చేసుకుంటారు. మన చెవికి మాత్రం అవి మన ఇంటి మాటల్లాగే వినబడతాయి.

మనల్ని ఎదురు ప్రశ్న వేసేవారుంటారు. "మీ ఇబ్రాహీం నబీగారి కుమారుని బదులు గొర్రెపోతును ఫిద్యాగా ఇచ్చారు గదా, అది ప్రాయశ్చిత్తం కాదా?" అంటారు. కాదు. ఆ కుమారుడు పాపి కాడు, ఆ కత్తి శిక్షగా ఎత్తినది కాదు. అది పరీక్ష. పరీక్షలో నెగ్గారు, కుమారుడు దక్కాడు. "మీరూ షఫాఅత్ నమ్ముతారు గదా" అంటారు. నమ్ముతాం. అయితే షఫాఅత్ అల్లాహ్ అనుమతితో చేసే విన్నపం, వెల చెల్లింపు కాదు.

అన్నిటికంటే గట్టి ప్రశ్న ఆన్సెల్మ్‌దే. వెల లేకుండా క్షమాపణ దొరికితే పాపం చవక అయిపోదా? దీనికి జవాబు మనం నోటితో కాదు, బ్రతుకుతో చెప్పవలసి ఉంది.

సహీ ముస్లింలో ఒక హదీసు ఉంది. దివాళా తీసినవాడెవడో తెలుసా అని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం సహాబాను అడిగారు. డబ్బు, సామాను లేనివాడని వారు చెప్పారు. అప్పుడు హుజూర్ వివరించారు. ఖియామత్ రోజున ఒకడు నమాజు, రోజా, జకాతు అన్నీ పట్టుకొని వస్తాడు. కాని ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఒకడి సొమ్ము తిని ఉంటాడు, ఒకణ్ణి కొట్టి ఉంటాడు. వాడి పుణ్యాలన్నీ వారికి పంచబడతాయి. పుణ్యాలు అయిపోయి బాకీ మిగిలితే, వారి పాపాలు తీసి వీడిమీద వేసి నరకంలో పడేస్తారు. చూశారా! మన దగ్గర ఒకరి పాపం ఇంకొకరి మీద పడే చోటు ఇది. అది కూడా నిర్దోషి మీద పడటం లేదు. అన్యాయం చేసినవాడి మీదే, వాడు చేసిన దానికి ఖరీదుగానే పడుతోంది. షహీదుకు సర్వమూ మాఫీ, అప్పు తప్ప అని ఇంకో హదీసు. ప్రాణం ఇచ్చినవాడికే అప్పు మాఫీ కాకపోతే, మన గతి ఏమిటి?

ఈ కొలబద్దతో ఇప్పుడు మన ఇళ్ళు చూసుకుందాం.

జనాజా లేచే ముందు మన ఇళ్ళల్లో ఒక రివాజు ఉంది. భర్త శవం పక్కన ఏడుస్తూ కూర్చున్న ఆమె దగ్గరకు నలుగురు వచ్చి, "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. ఇరవై, ముప్ఫై యేళ్ళు కాపురం చేసిన మనిషి బతికుండగా ఇవ్వని బాకీ అది. ఆ పరిస్థితిలో ఏ ఆడమనిషి కాదనగలదు? ఒత్తిడిలో తీసుకున్న మాఫీ మాఫీ అవుతుందా? ఎవరి హక్కో వారు మనస్ఫూర్తిగా వదిలితేనే గదా వదిలినట్టు. ఇవ్వవలసిన మహర్ ఇవ్వం గాని, పెళ్ళి మాట్లాడుకునేటప్పుడు జోడే కీ రఖం మాత్రం లెక్కపెట్టుకుని తీసుకుంటాం.

తండ్రి పోతే ఆడపిల్లల వాటా ఏమవుతోంది? సూరె నిసా వారి వాటా నిర్ణయించి చెప్పింది. మనం మాత్రం "చెల్లెలు వద్దనేసింది" అంటాం. అడగకుండా వద్దనిపించడం మనకు బాగా వచ్చిన విద్య. పనిమనిషి జీతం కోత, కూలివాడికి రేపు రమ్మని తిప్పడం, కొట్టులో తూకం తగ్గించడం, చేబదులు తీసుకుని దారి మార్చి నడవడం, ఇవన్నీ చేసి హజ్జుకు పోయి వచ్చి కడిగిన ముత్యంలా అయ్యామనుకుంటున్నాం. హజ్జు గొప్పదే. కాని కూలివాడి బాకీ కాబా దగ్గర తీరదు, కూలివాడి గుమ్మం దగ్గరే తీరుతుంది.

ఎవరి బరువు వారే మోయాలి అనే మాటను క్రైస్తవ సోదరులతో వాదించేటప్పుడు మనం ఎంతో జోరుగా అంటాం. అదే మాట మన నెత్తిన పెట్టుకుని ఎప్పుడైనా చూసుకున్నామా? ఈ ఆయతు ఇతరులను ఓడించడానికి దిగింది కాదు. మన బరువు మనం చూసుకోవడానికి దిగింది. మన బాకీ మనం తీర్చనంతకాలం, మనకోసం ఎవరో ప్రాణమిచ్చారని వారు అనడం తప్పని చెప్పే ముఖం మనకు ఉంటుందా? పైగా పౌలు రాసిన రోమా పత్రికలో, కృప దొరుకుతుంది గదా అని పాపం చెయ్యకూడదని గట్టిగానే చెప్పారు. జక్కయ్య అనే పన్ను వసూలుదారు యేసును కలిసిన రోజునే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నట్టు లూకా సువార్తలో ఉంది. కాబట్టి వారు పాపం చవక చేసుకున్నారని మనం తేలికగా అనడానికి వీల్లేదు.

విద్యార్థులకు ఒక మాట. మీ క్రైస్తవ స్నేహితుడు సిలువ గురించి చెబితే నవ్వవద్దు. అతనికి అది ప్రాణంతో సమానం. గ్రంథప్రజలతో మంచి పద్ధతిలోనే మాట్లాడమని సూరె అన్‌కబూత్ ఆజ్ఞ. ముందు వినండి. తరువాత, "మా అల్లాహ్ వెల అడగకుండా క్షమిస్తాడు, కాని నీకు నేను అన్యాయం చేస్తే నువ్వు క్షమించేదాకా నా దారి ఆపుతాడు" అని చెప్పండి. అతని దగ్గర తీసుకున్న నోటు పుస్తకం, అప్పు తెచ్చుకున్న పది రూపాయలు తిరిగి ఇచ్చేసి మరీ చెప్పండి. అప్పుడు ఆ మాటకు బరువుంటుంది.

పెద్దలకు ఒక మనవి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ఒక కాగితం తీసుకుని, ఎవరెవరికి ఏమేమి ఇవ్వాలో రాయండి. మొదటి పేరు మీ ఇల్లాలిది కావచ్చు, రెండోది మీ చెల్లెలిది కావచ్చు. అందరికీ ఒక్కసారి ఇవ్వలేకపోవచ్చు. నెలకొకటి తీర్చండి, లేదా వెళ్ళి గడువు అడగండి. ఆ కాగితంలో ఒక్కొక్క పేరు కొట్టేసిన కొద్దీ, అల్లాహ్ రహ్మతు మీద ఆశ పెట్టుకునే అర్హత పెరుగుతుంది.

అల్లాహ్ సుబ్‌హానహు వ తఆలా మన తౌబా స్వీకరించుగాక. మన బాకీలు మన చేతులతోనే, మన బతుకులోనే తీర్చుకునే తౌఫీఖ్ ఇచ్చుగాక. మన పొరుగువారితో మంచిగా మసలుకునే మనసు ఇచ్చుగాక. ఆమీన్.  వ ఆఖిరు దావానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.